పేరుబిళ్ళ

ముప్పై మూడేళ్లు హోసూరులో బోరింగ్ షాపు నడిపాను. బోరింగ్ అంటే బోరుబావులు తవ్వే పని అనుకోకండి. అరిగిపోయిన ఇంజను సిలిండరును మళ్ళీ గుండ్రంగా తొలిచి, దానికి తగ్గ పెద్ద పిస్టన్ వేసే పని. 1979లో మొదలుపెట్టి 2012లో షట్టరు దించేశాను. అన్నేళ్లలో నా చేతుల మీదుగా ఎన్ని ఇంజన్లు పోయాయో లెక్క రాసుకోలేదు. ఒక్కదాని లెక్క మాత్రం నా దగ్గర తేలకుండా ఉండిపోయింది. ఆ సంగతి ఈ వ్యాసం చివర చెప్తాను. చెప్పడానికి ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో ముందు చెప్పాలి.

2023 వేసవిలో నేనూ, మా ఆవిడా అమెరికాలో ఇండియానా రాష్ట్రంలో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లాం. అక్కడ వేసవి అంటే గడ్డి కోసే కాలం. వారం రోజులు వదిలేస్తే పిక్కల దాకా పెరుగుతుంది. ఇంటి ముందు గడ్డి పెరిగితే ఇరుగుపొరుగు ముఖం చిట్లిస్తారట. ఉదయం నడకకు వెళ్లినప్పుడు ఒక పక్కింట్లో షెడ్డు తలుపు తీసి ఉంది. లోపలి నుంచి పాత ఆయిలు, ఇనుము కలిసిన వాసన. పదకొండేళ్లుగా ఆ వాసనకు దూరమైనవాణ్ణి. కాళ్లు నన్ను అడక్కుండానే అటు తిరిగాయి.

ఆ షెడ్డు యజమాని నాకంటే నాలుగైదేళ్లు పెద్దవాడు. ఆయన ముందు ఒక చిన్న ఎర్ర ట్రాక్టరు, బానెట్ తీసేసి ఉంది. దీన్ని గార్డెన్ ట్రాక్టరు అంటారు. మన పొలాల్లో తిరిగే మాసీ ట్రాక్టరు పక్కన నిలబెడితే దూడలా ఉంటుంది. ఒకే సిలిండరు, పెట్రోలు ఇంజను. ఎండాకాలం కింద కత్తులు తగిలించి గడ్డి కోస్తారు, చలికాలం ముందు పలక తగిలించి మంచు తోస్తారు, చిన్న నాగలి కడితే పెరటి మడి దున్నుకుంటారు. ఆయనది వీల్ హార్స్ అనే కంపెనీది. 1946లో అదే రాష్ట్రంలోని సౌత్ బెండ్ అనే ఊళ్లో పాండ్ అనే కుటుంబం పెట్టిన కంపెనీ అది. 1974లో ఒక కార్ల కంపెనీ చేతికి, 1986లో టోరో అనే మరో కంపెనీ చేతికి వెళ్లింది. ఆ బండి 1970ల నడిమి కాలానిది. ఆయన తండ్రి కొత్తగా కొన్నదట. తండ్రి పోయాక ఈయనకు వచ్చింది.

ఇంజను కోలర్ కంపెనీ వారి కె-301. పన్నెండు హార్స్‌పవర్. బ్లాకు మొత్తం పోత ఇనుము. వాల్వులు పిస్టన్ పక్కనే నిలబడి ఉండే పాత పద్ధతి. ఆయిలు పంపు ఉండదు. కనెక్టింగ్ రాడ్డు కింద ఒక చిన్న గరిటె లాంటిది ఉంటుంది, తిరిగినప్పుడల్లా ఆయిల్లో మునిగి చిమ్ముతుంది. ఆయిలు మట్టం తగ్గినా, బండి వాలులో ఎక్కువసేపు పనిచేసినా ఆ గరిటెకు ఆయిలు అందదు. అక్కడే ఈ ఇంజన్లకు ప్రాణగండం. ఈయన ఇంజనుకు అదే జరిగింది. రాడ్డు విరగలేదు గానీ క్రాంకు గీతలు పడింది, సిలిండరు గోడ గీరుకుపోయింది.

వేలు లోపలికి పెట్టి తడిమాను. వేలికి అలవాటు పోలేదు. కొలత అడిగాను. అంగుళంలో వెయ్యో వంతును మా పనివాళ్లం తౌ అంటాం. ఈ ఇంజనుకు పది, ఇరవై, ముప్పై తౌలు పెద్ద పిస్టన్లు వస్తాయి. తండ్రి హయాంలో ఒకసారి, ఈయన హయాంలో ఒకసారి తొలిపించి ముప్పైకి వచ్చేశారు. ఆ పైన మామూలు దారి మూసుకుపోయినట్టే.

"స్లీవు వేయొచ్చు కదా" అన్నాను. ఎక్కువ తొలిచి, లోపల కొత్త గొట్టం దిగ్గొట్టి, మళ్లీ మొదటి సైజుకు తేవడం. నా చేతుల మీద చాలా ఇంజన్లకు చేసిన పని.

ఆయన లెక్క చెప్పాడు. స్లీవు, క్రాంకు గ్రైండింగు, కొత్త రాడ్డు, వాల్వులు. ఆ ఖర్చులో సగానికి లోపే, హోండా నమూనా మీద చైనాలో తయారయ్యే కొత్త ఇంజను పెట్టెలో వచ్చి గుమ్మం ముందు దిగుతుంది. బరువు తక్కువ, పెట్రోలు తక్కువ తాగుతుంది. "గడ్డి ఆగదు కదా" అన్నాడు.

నాకు కష్టం కలిగింది. ఎవరి బండో, ఎవరి తండ్రో. అయినా, "అప్పుడిది మీ నాన్నగారి బండి ఎలా అవుతుంది?" అని అడిగేశాను. ఆయన చేతులు తుడుచుకుంటూ కాసేపు ఆలోచించి, "ఆ మాట నాకూ తెలియదు. పని చేస్తూ చూద్దాం, రేపు రండి" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇది చాలా పాత ప్రశ్న. గ్రీకుల కథ ఒకటి ప్లూటార్క్ చెప్పాడు. థీసియస్ అనే వీరుడి ఓడను ఏథెన్సు వాళ్లు దాచుకున్నారు. పలక పుచ్చిపోయినప్పుడల్లా తీసేసి కొత్తది వేశారు. అన్ని పలకలూ మారాక అది ఆ ఓడేనా అని పండితులు వాదించుకునేవారట. పదిహేడో శతాబ్దంలో హాబ్స్ అనే ఇంగ్లీషు తత్త్వవేత్త దానికి ఇంకో ముడి వేశాడు. తీసేసిన పాత పలకలన్నీ ఒకడు దాచి, వాటితో మళ్లీ ఓడ కడితే? అప్పుడు అసలు ఓడ ఏది?

మన వైపూ ఈ చర్చ తక్కువేమీ కాదు. మిలింద పన్హలో నాగసేనుడనే భిక్షువు గ్రీకు రాజు మిలిందుణ్ణి, మీరెక్కి వచ్చిన రథం ఏదో చూపించమంటాడు. ఇరుసు రథమా? చక్రాలు రథమా? నొగ రథమా? ఏదీ కాదంటాడు రాజు. అవన్నీ ఒక పద్ధతిలో కూడినప్పుడు మనం వాడుకునే పేరే రథం అని తేలుతుంది. అదే గ్రంథంలో రాత్రంతా వెలిగే దీపం ఉదాహరణ కూడా ఉంది. మొదటి జాము జ్వాలా, చివరి జాము జ్వాలా ఒకటీ కావు, వేరూ కావు.

మన తార్కికులు బట్టను పట్టుకున్నారు. దారాలు అవయవాలు, బట్ట అవయవి. దారాల్లో బట్ట సమవాయ సంబంధంతో ఉంటుందని తర్కసంగ్రహం చదువుకున్న వాళ్లందరికీ తెలుసు. దాన్ని రాసిన అన్నంభట్టు తెలుగువాడే, కాశీలో స్థిరపడ్డాడని చెప్తారు. అంటే ఆయనా మనలాగా బయటి తెలుగువాడే. న్యాయవైశేషికుల లెక్క చాలా కఠినం. ఒక్క దారం లాగేస్తే చాలు, పాత బట్ట నశించింది, ఖండపటం అనే కొత్త బట్ట పుట్టింది అంటారు. ఆ లెక్కన నా షాపులోకి వచ్చిన ఇంజను ఒక్కటీ తిరిగి వెళ్లలేదు. అన్నీ నశించాయి, కొత్తవి పుట్టాయి. రైతు మాత్రం ఎడ్లబండి మీద ఎక్కించుకుని "నా ఇంజను తోలుకపోతా ఉండా" అని పోయేవాడు. తార్కికుడు చెప్పింది కాదనలేను. రైతు అన్న మాట అబద్ధమనీ అనలేను.

ఇంకో ఉదాహరణ బరంపురం, పర్లాకిమిడి వైపు ఉన్న పాఠకులు నాకంటే బాగా ఎరుగుదురు. పూరీ జగన్నాథుడికి నవకళేబరం. అధిక ఆషాఢం వచ్చిన కొన్ని సంవత్సరాల్లో, 1977లో, 1996లో, 2015లో జరిగినట్టుగా, వేప మానుతో కొత్త విగ్రహాలు చెక్కి, పాత విగ్రహాలలోని బ్రహ్మపదార్థాన్ని కొత్తవాటిలోకి మారుస్తారు. మార్చే దైతాపతులు కళ్లకు గంతలు కట్టుకుని, చేతులకు గుడ్డ చుట్టుకుని చేస్తారు. పాత విగ్రహాలను కోయిలి వైకుంఠంలో పూడ్చిపెడతారు. అక్కడ ఒళ్లు మారుతుంది, లోపలిది మిగులుతుంది. ఈ షెడ్డులో ఒళ్లు మిగులుతుంది, లోపలిది మారుతుంది. జగన్నాథుడు మారలేదని కోట్లమంది నమ్మకం. మరి ఈ బండి మారినట్టా, మారనట్టా?

గుండె మార్చిన మనిషి సంగతి అడగవచ్చు. మన దేశంలో విజయవంతమైన మొదటి గుండె మార్పిడి 1994లో ఢిల్లీలో జరిగింది; చేసిన వైద్యుడు వేణుగోపాల్ గారు రాజమండ్రిలో పుట్టినవారు. ఆ ఆపరేషన్ తర్వాత రోగికి కొత్త పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు. గుండె కేవలం పంపు అని వైద్యులు తేల్చారు. మనిషి మనిషే అనడానికి వేరే ఆధారం ఉంది, అతని జ్ఞాపకం ఉంది, "నేను" అని చెప్పే నోరు ఉంది. బండికి నోరు లేదు. దాని తరఫున ఎవరో చెప్పాలి. ఇక్కడే నాకు ప్రశ్న కొంచెం పక్కకు జరిగింది. ఇది అదేనా కాదా అన్న ప్రశ్న కంటే, దాని తరఫున చెప్పేవాడు ఏం చెప్తున్నాడన్నది ముఖ్యమేమో అనిపించింది.

మర్నాడు వెళ్లాను. పదిరోజులు వెళ్లాను. మా కోడలు నవ్వింది, "మామయ్యగారు ఉద్యోగంలో చేరారు" అని.

ఇంజను మార్చడం అంటే పాతది విప్పి కొత్తది బిగించడమే అనుకుంటారు చూడని వాళ్లు. కొత్తింటి కోడలు కూడా అంత సులువుగా సర్దుకోదు. కింద బోల్టు రంధ్రాలు కలవవు. పాత ఇంజను షాఫ్టు అంగుళం మీద ఎనిమిదో వంతు, కొత్తదాని షాఫ్టు అంగుళమే. షాఫ్టు ఎత్తు వేరు. ఎత్తు మారితే పుల్లీ మారుతుంది, పుల్లీ ఒక్క పిసరు పక్కకు జరిగినా బెల్టు వారంలో తినేస్తుంది. సైలెన్సరు ఇంకో వైపు చూస్తుంది, బానెట్‌కు తగులుతుంది. తిరిగే దిక్కు ఒకటేనా అని ముందే చూసుకోవాలి. అదృష్టవశాత్తు రెండూ ఒకే దిక్కు.

తాళం సంగతి నాకు బాగా నచ్చింది. పాత ఇంజనుకు తాళం తిప్పితే బ్యాటరీ కరెంటు కాయిలుకు వెళ్లి నిప్పు పుడుతుంది. కరెంటు ఆపితే ఇంజను ఆగుతుంది. కొత్తది మాగ్నెటో పద్ధతి. తన నిప్పు తానే పుట్టించుకుంటుంది. ఆపాలంటే ఆ తీగను బాడీకి కలిపి నిప్పును నేలపాలు చెయ్యాలి. ఒకదానికి ఇస్తే నడుస్తుంది, రెండోదానికి ఇస్తే ఆగుతుంది. పాత తాళానికి పాత తీగలే తగిలించి బ్యాటరీ కరెంటును మాగ్నెటో మీదికి పంపితే కొత్త ఇంజను కాయిలు కాలిపోతుంది. తాళంచెవి అదే, తిప్పే చెయ్యి అదే, లోపల అర్థం తారుమారు. ఆయన తీగలన్నీ విప్పి, కాగితం మీద బొమ్మ గీసుకుని, ఓపికగా మార్చాడు.

బోల్టు రంధ్రాల దగ్గర మాకు వాదన వచ్చింది. ఛాసిస్‌లో కొత్తగా నాలుగు రంధ్రాలు వేసి, అడ్డం వచ్చే అంచు కాస్త కోసేస్తే గంటలో పని అవుతుంది. నేను డ్రిల్లు చేతికి తీసుకున్నాను కూడా. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఛాసిస్ కొయ్యం. రంధ్రం వెయ్యం. మధ్యలో పలక వేద్దాం" అన్నాడు.

మందమైన ఉక్కు పలక తెచ్చి, దానికి పాత రంధ్రాలు నాలుగు, కొత్త రంధ్రాలు నాలుగు వేశాం. పలక పాత రంధ్రాలతో ఛాసిస్‌కు బిగుస్తుంది, ఇంజను పలకకు బిగుస్తుంది. ఎత్తు తేడాకు కింద దిమ్మెలు. షాఫ్టుకు తొడుగు నేను చేశాను. ఆయన స్నేహితుడి లేత్ మీద, లోపల అంగుళం, బయట అంగుళంపై ఎనిమిదో వంతు. అంటే గోడ మందం అంగుళంలో పదహారో వంతు. అంత పలచని తొడుగులో కీ కోసం గాడి తియ్యాలి. చెయ్యి వణుకుతుందేమోనని భయపడ్డాను. వణకలేదు. కీ రెండింటికీ పావు అంగుళమే కాబట్టి పాత పుల్లీ అలాగే కూర్చుంది.

ఇదంతా ఎందుకంటే, ఆయన మాట ఒకటే: "నా తర్వాత ఎవరికైనా పాతది మళ్లీ పెట్టాలనిపిస్తే, వాళ్ల దారి నేను మూసెయ్యకూడదు."

పాత ఇంజనును తుక్కుకు వెయ్యలేదు. ప్లగ్గు రంధ్రంలో ఆయిలు పోసి, చేత్తో తిప్పి, రంధ్రాలన్నీ మూసి, చెక్క మీద బిగించి బల్ల కింద పెట్టాడు. విప్పిన బోల్టులు ఒక డబ్బాలో. తరువాత బానెట్ తిరగేసి లోపలి వైపు తెల్ల రంగుతో రాశాడు: ఫలానా తేదీన ఇంజను మార్చాం, పాతది చెడిన కారణం ఇది, అది ఇక్కడే షెడ్డులో ఉంది. కింద ఆయన పేరు. బ్రష్షు నా చేతికిచ్చి నన్నూ రాయమన్నాడు. నేను తెలుగులో రాశాను, తొడుగు చేసింది హోసూరు వాడని.

బానెట్ బయట మాత్రం పాత పేరే ఉంది. ఆ కంపెనీ బొమ్మా, ఎర్ర రంగూ అలాగే ఉన్నాయి. ఇంజను మీద ఉండే కోలర్ పేరు రేకు ఒకటి ఆయన చేతిలో ఉంది. నేను వేళాకోళంగా, "ఇది కొత్తదానికి అంటించండి, ఎవరికీ తెలియదు" అన్నాను. ఆయన నవ్వలేదు. "అది దానిది" అని, రేకును తీసుకెళ్లి బల్ల కింద ఉన్న పాత ఇంజనుకే తిరిగి బిగించాడు.

నాకు చెమట పట్టింది. ఇప్పుడా లెక్క చెప్పాలి.

1987. కరెంటు కనెక్షను కోసం రైతులు ఏళ్ల తరబడి కాచుకున్న రోజులు. బావుల మీద అయిదు హార్స్‌పవరు డీజిలు ఇంజన్లు టక టకమని కొట్టుకునేవి. పేరున్న కంపెనీ ఇంజనుకు ఒక ధర, ఊరి ఫౌండ్రీలో పోసిన పేరులేని ఇంజనుకు అందులో సగం ధర. ఒక బ్రోకరు నా షాపుకు పేరులేని ఇంజను ఒకటి తెచ్చాడు, పాతది. రీబోరు చెయ్యమన్నాడు, చేశాను. రంగు వెయ్యమన్నాడు, వేయించాను. తర్వాత జేబులోంచి ఇత్తడి బిళ్ళ ఒకటి తీశాడు. తుక్కుకు పోయిన పేరున్న కంపెనీ ఇంజనుది. "ఈ బిళ్ళ దీనికి రివిట్ కొట్టన్నా" అన్నాడు. రెండు వందలు ఇచ్చాడు. ఆ నెల షాపు బాడుగ బాకీ ఉంది. కొట్టాను. నాలుగు రివిట్లు, అయిదు నిమిషాల పని.

కొన్నది మా వాళ్లకే తెలిసిన రైతు, డెంకణికోట వైపు పల్లె. రెండో ఏడు టమాటా పూత మీద ఉండగా బ్లాకు చీలింది. నా దగ్గరికే తెచ్చాడు. చీలిక చూశాను, బిళ్ళ చూశాను. "పేరున్న కంపెనీదే చీలిపాయె, నా రాత బాగలేదు" అన్నాడు. అతని రాతను తప్పుపట్టనిచ్చాను. అతుకు వేసి పంపాను, కూలి తగ్గించుకున్నాను. అంతకు మించి నోరు పెగల్లేదు. పంట పోయింది.

బ్లాకు మార్చడం తప్పు కాదు, రీబోరు తప్పు కాదు, పేరులేని ఇంజను అమ్మడమూ తప్పు కాదు. నేను చేసిన పనుల్లో ఇనుముకు సంబంధించినవన్నీ న్యాయమైనవే. తప్పల్లా అరచేతిలో సగం కూడా లేని ఆ ఇత్తడి ముక్కలో ఉంది. ఆ రైతు ఓడ పలకల గురించీ, ఖండపటం గురించీ వాదించడానికి రాలేదు. ఇది ఏమిటో చెప్పమని నన్ను నమ్మాడు. పైగా నేను తిరిగి వెళ్లే దారి కూడా ఉంచుకోలేదు. ఆ రెండో ఏడు ఒక్క మాట చెప్పి ఉంటే దారి ఉండేది.

కాబట్టి ఇప్పుడు నాకు తోచేది ఇది. ఒక వస్తువు మార్పుల తర్వాత అదేనా కాదా అన్నదానికి జవాబు వస్తువులో మాత్రమే దొరకదు. మార్చినవాడు మూడు సంగతుల్లో ఎలా నడుచుకున్నాడన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. మార్చాల్సినంతే మార్చాడా? వెనక్కి వెళ్లే దారి ఉంచాడా? మార్చానని చెప్పాడా? ఈ మూడూ ఉంటే ఆ ఇండియానా పెద్దాయన బండిని ఆయన తండ్రి బండి అనడానికి నాకు అభ్యంతరం లేదు. ఇవి లేకపోతే, ఒక్క బోల్టు మారని బండి కూడా అబద్ధమాడగలదు.

దీనికి ఒక ఎదురు ప్రశ్న నేనే వేసుకున్నాను. అన్నీ చెప్పి, దారి ఉంచి, ముక్క ముక్కా మార్చుకుంటూ పోతే చివరికి ఏం మిగులుతుంది? బల్ల కింద ఇంజన్ల వరస మిగలదూ? నిజమే. బల్ల కిందిది బతికున్నట్టు కాదు. దానికి ఆయిలు పోసేవాడు ఉన్నంతకాలమే ఆ దారి దారి. ఆయన పిల్లలకు ఇనుము వాసన పడదని ఆయనే చెప్పాడు. ఈ చిక్కుకు నా దగ్గర మందు లేదు. దారి ఉంచడం మన చేతిలో ఉంది, ఆ దారిన ఎవరైనా నడుస్తారా అన్నది మన చేతిలో లేదు.

ఈ పత్రిక చదివేవారికి ఈ మాట ఎటు పోతుందో ఈపాటికి తెలిసే ఉంటుంది. మనం ఉన్న ఊళ్లలో బతుకుతెరువుకు తమిళమో, కన్నడమో, ఒడియానో, మరాఠీయో నేర్చాం. పిల్లలకు ఇంగ్లీషు వేయించాం. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడుల్లో తమిళం మొదటి భాషగా తప్పనిసరి అయ్యింది. అంచెలంచెలుగా 2016 నాటికి పదో తరగతి పరీక్ష దాకా వచ్చింది. మినహాయింపుల కోసం మన వాళ్లు కోర్టుల మెట్లెక్కారు. ఆ పోరాటం న్యాయమైనదే. నేను ఇక్కడ అడుగుతున్నది ప్రభుత్వాన్ని కాదు, నన్ను. తమిళం నాకు అన్నం పెట్టింది, దాని మీద నాకు కోపం లేదు. కొత్త ఇంజను వేసుకోవడం తప్పు కాదని ఇప్పుడే కదా ఒప్పుకున్నాను. కానీ 1998లో నా షాపు బోర్డు కొత్తగా రాయించినప్పుడు, ఫోను నంబరుకు చోటు చాలదని, మూడు భాషల్లో తెలుగు వరస తీయించింది ఏ చట్టం? నా చేత్తో నేనే ఛాసిస్‌కు రంధ్రం వేశాను. భాష ఇంజను లాంటిది కాదనీ, బల్ల కింద ఆయిల్లో ఉంచితే బతకదనీ తెలుసు. ఈ పోలిక అంతవరకే లాగుతాను, అంతకంటే లాగితే తెగుతుంది.

హోసూరు తిరిగొచ్చిన నెలకు ఆ పల్లెకు వెళ్లాను. రైతు పోయి ఆరేళ్లయిందట. కొడుకు ఉన్నాడు. బోరు మీద కరెంటు మోటారు. పాత ఇంజను పశువుల కొట్టంలో ఒక మూల ఉంది, దుమ్ము పట్టి. బిళ్ళ ఒక్కటే మెరుస్తోంది.

జరిగింది చెప్పాను. రెండు వందలతో సహా. అతను చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "మా నాయిన ఆయుధపూజకి ఆ బిళ్ళకే బొట్టు పెట్టేవాడు మామా. చింతపండుతో తోమేవాడు" అన్నాడు.

డబ్బు ఇవ్వబోయాను. వద్దన్నాడు. బిళ్ళ పీకేస్తానన్నాను. కాసేపు ఆలోచించి, "ఉండనీ మామా. మా నాయిన చెయ్యి తగిలింది దానికి" అన్నాడు. అది నేను ఊహించలేదు. అబద్ధంగా అక్కడికి చేరిన బిళ్ళ ముప్పై ఏళ్ల పూజతో ఆ ఇంటిదైపోయింది. ఏ తార్కికుడు ఏమంటాడో నాకు తెలియదు.

ఒక్క పనికి మాత్రం ఒప్పుకున్నాడు. ఊళ్లోకి పోయి చిన్న డబ్బా తెల్ల రంగు, బ్రష్షు తెచ్చాను. బిళ్ళ కింద ఇనుము గోకి శుభ్రం చేసి, తెలుగులో రాశాను: ఈ బిళ్ళ ఈ ఇంజనుది కాదు, 1987లో నేను కొట్టాను. కింద నా పేరు.

పక్కన నిలబడి చూస్తున్న అతని కూతురు, ఏడో తరగతి పిల్ల, "ఏం రాసినావు తాతా?" అని అడిగింది.

ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివి చెప్పాను.